కృష్ణ మీది వంతెనకు స్వతంత్ర భూకంప తనిఖీ: అయిదు పద్ధతుల్లో ఏది ఎంచుకోవాలి?

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపిస్తే ఆ కుదుపు విజయవాడ దాకా తెలిసింది. 1967లో ఒంగోలు దగ్గర 5.4, 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చినవీ మనకు దూరపువి కావు. ఇలాంటిది వచ్చినప్పుడల్లా కృష్ణ మీది కనకదుర్గ వారధి తట్టుకుంటుందా, ఫ్లైఓవర్ తట్టుకుంటుందా అని అడుగుతారు. స్వతంత్ర నిపుణులతో తనిఖీ చేయిస్తామని జవాబు వస్తుంది.

ఆ ఒక్క పేరు కింద పొంతన లేని అయిదు పనులు నడుస్తున్నాయి. ఒక పని రెండు మూడు వారాల్లో తేలిపోతుంది, ఇంకొకటి ఏళ్ల తరబడి సాగుతుంది. టెండరు పిలిచే ఇంజనీరుకైనా, కౌన్సిల్లో ప్రశ్న వేసే కార్పొరేటరుకైనా, సమాచార హక్కు కింద అర్జీ పెట్టే కాలనీ సంఘానికైనా ఏ పని అడుగుతున్నామో ముందు తెలియాలి. లేకపోతే రెండు వందల పేజీల నివేదిక చేతికొస్తుంది గానీ, అసలు ప్రశ్నకు జవాబు అందులో ఉండదు.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

పియర్ (వంతెనను మోసే స్తంభం) కింద ఏముంది? మిగతా ప్రశ్నలన్నీ దీని తర్వాతే. ఎందుకో లెక్కలోనే కనిపిస్తుంది. భూకంప డిజైన్‌కు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 1893లోని 2016 పటం ప్రకారం విజయవాడ 3వ జోన్‌లో ఉంది. జోన్ గుణకం 0.16, లెక్కలోకి వచ్చేది అందులో సగం, 0.08. కిలోమీటరు దాటి, నిత్యం నీరుండే నది మీద ఉన్న వంతెనకు ప్రాముఖ్య గుణకం 1.5. రెండూ గుణిస్తే 0.12. ఇప్పుడు ఒక్క ఊపుకి 1 సెకను పట్టే పియర్‌ను తీసుకోండి. గట్టి నేల మీద స్పెక్ట్రమ్ విలువ (నేలను, ఊపు కాలాన్ని బట్టి మారే గుణకం) 1.0, మధ్యరకం నేలలో 1.36, మెత్తని నేలలో 1.67. డక్టిలిటీకి, అంటే విరక్కుండా వంగే గుణానికి, తగ్గింపు ఇవ్వకముందు, రాతి మీదున్న పియర్‌కి పైబరువులో 12 శాతం అడ్డబలం పడితే, అదే పియర్‌కి మెత్తని నేలలో 20 శాతం పడుతుంది. వంతెన అదే, భూకంపం అదే, బలం మాత్రం మూడింట రెండు వంతులు పెరిగింది.

ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ. ఒడ్డున రాయి దగ్గర్లోనే తగలొచ్చు, నది మధ్యలో మాత్రం లోతైన ఇసుక. ఒకే వంతెనలో మొదటి పియర్‌కీ పదో పియర్‌కీ నేల తరగతి మారిపోతుంది. వంతెన మొత్తానికి ‘మధ్యరకం నేల’ అని ఒకే మాట రాసిన నివేదికను అక్కడే ఆపి అడగాలి.

కాగితాలు ఉన్నాయా? కట్టినప్పటి డ్రాయింగులు, డిజైన్ లెక్కలు, పైల్ (నేలలోకి దించే పొడవైన స్తంభం) లేదా బావి పునాది రికార్డులు, బేరింగులు (వంతెన పైభాగం పియర్ మీద ఆనే దిండ్లు) ఎప్పుడు మార్చారన్న వివరం కావాలి. మన దగ్గర భూకంప నిబంధనలు గట్టిపడింది 2001 భుజ్ భూకంపం తర్వాతే. రోడ్డు వంతెనలకు ఇప్పుడు చూడాల్సిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) మార్గదర్శకం ఎస్పీ 114 వచ్చింది 2018లో. అంతకుముందు కట్టిన వంతెన ‘నిబంధనల ప్రకారమే ఉంది’ అంటే ఏ ఏడాది నిబంధనలని అడగాల్సిందే.

తనిఖీదారు ఎవరికి జవాబు చెప్పాలి? డిజైన్ చేసిన కన్సల్టెంట్, కట్టిన కాంట్రాక్టరు, నిర్వహించే సంస్థ, ఈ ముగ్గురికీ సంబంధం లేని వాళ్లు కావాలి. ఐఐటీ పేరున్న లెటర్‌హెడ్ మీద వచ్చినంత మాత్రాన అది స్వతంత్రం కాదు. అప్పట్లో డిజైన్‌ను ప్రూఫ్ చెక్ చేసిన ప్రొఫెసరే ఇప్పుడు తనిఖీకి వస్తే తన సంతకాన్ని తానే దిద్దుకోవాలి.

జవాబు ఏ రూపంలో కావాలి? ‘సురక్షితం’ అన్న ఒక్క మాటా, లేక ఏ పియర్‌లో ఏ భాగం ఎంత బలానికి ముందు పోతుందన్న జాబితానా? మొదటిది పత్రికా ప్రకటనకు సరిపోతుంది. మరమ్మతుకు రెండోది కావాలి.

## అయిదు పద్ధతులు పక్కపక్కన

| పద్ధతి | సుమారు కాలం | బాగా పట్టుకునేది | పట్టుకోలేనిది |
|---|---|---|---|
| కంటి పరిశీలన | 2–3 వారాలు | బేరింగులు, జాయింట్లు, సీటు వెడల్పు, పగుళ్లు | నేల, లోపలి ఇనుము |
| డిజైన్ కాగితాల పునఃపరిశీలన | 1–2 నెలలు | లెక్కల్లో తప్పులు, పాత నిబంధనల తేడా | కట్టినప్పటి తేడాలు, ఇప్పటి నది అడుగు |
| నేల, కాంక్రీటు, మోడల్‌తో పూర్తి అధ్యయనం | 6–9 నెలలు | బలహీన భాగాల వరస | ముందే తప్పుడు డేటా ఇస్తే ఏదీ పట్టుకోలేదు |
| కంపనాల కొలత, సెన్సార్లు | ఫీల్డ్ పని ఒక వారం, తర్వాత నిరంతరం | కాలంతో వచ్చిన మార్పు | పెద్ద కుదుపులో ప్రవర్తన |
| నిపుణుల ప్యానెల్ | మరమ్మతు పూర్తయ్యేదాకా | తప్పుడు నిర్ణయాలు, దాచిన అనుమానాలు | తన ముందుకు రానిది |

### కంటి పరిశీలన

తక్కువ ఖర్చని దీన్ని చిన్నచూపు చూడకండి. భూకంపంలో వంతెన పోయే దారుల్లో పాతది, సాధారణమైనది డెక్ (బండ్లు నడిచే పైభాగం) సీటు (అది ఆనే పియర్ పైఅంచు) మీద నుంచి జారి పడటం. 1971లో కాలిఫోర్నియాలోని శాన్ ఫెర్నాండోలో అదే జరిగింది. 1989లో శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లాండ్ మధ్య బే బ్రిడ్జిలో పైడెక్ ముక్క ఒకటి, సుమారు 15 మీటర్లది, సీటు చాలక కింది డెక్ మీద పడింది. మన దగ్గర దీన్ని టేపుతోనే పట్టుకోవచ్చు. 2, 3 జోన్లకు వాడుకలో ఉన్న సూత్రం ఇది: సీటు వెడల్పు మి.మీ.లో = 203 + 1.67 × స్పాన్ పొడవు + 6.66 × పియర్ ఎత్తు. స్పాన్ అంటే రెండు పియర్ల మధ్య భాగం; పొడవు, ఎత్తు మీటర్లలో వేయాలి. 40 మీటర్ల స్పాన్, 10 మీటర్ల పియర్ అయితే 336 మి.మీ. వస్తుంది.

కొలత ఎక్కడ తీస్తారన్నది ముఖ్యం. గర్డర్ (డెక్‌ను మోసే దూలం) చివర నుంచి పియర్ క్యాప్ అంచు దాకా కొలవాలి, బేరింగ్ నడిమి నుంచి కాదు. అంచు దగ్గర కాంక్రీటు పెచ్చులూడి ఉంటే ఆ మేర తీసేయాలి. డ్రాయింగులో 400 అని ఉండి, అక్కడ చూస్తే అంచు 60 మి.మీ. రాలిపోయి ఉండొచ్చు.

పియర్ క్యాప్ మీదికి చేరాలంటే బకెట్ ఉన్న తనిఖీ వాహనం కావాలి. కింద రోడ్డు మీద నిలబడి బైనాక్యులర్‌తో చూసిన దాన్ని పరిశీలన అనరు. పైకి చేరాక కనబడేవి: పావురాల రెట్టలు, ఇసుక, ఎక్స్‌పాన్షన్ జాయింట్‌లోంచి జారిపడిన తారు ముద్దలు, మొలిచిన రావి మొక్క. ఇవన్నీ తుడిస్తే గానీ బేరింగ్ కనబడదు. రబ్బరు బేరింగ్ అయితే పక్కలకు ఉబ్బిందా, పొరల మధ్య అడ్డంగా పగిలిందా, ఒక వైపు లేచిందా చూడాలి. పాత ఇనుప రోలర్ అయితే తుప్పు పట్టి బిగుసుకుపోయిందా చూడాలి. బిగుసుకున్న రోలర్ ఉన్న పియర్ తన వాటాకు మించిన బలం మోస్తుంది, డిజైన్‌లో ఆ లెక్క ఉండదు. పక్కకు జారకుండా కట్టే కాంక్రీటు స్టాపర్లు అసలు ఉన్నాయా, ఉంటే గర్డర్‌కీ వాటికీ మధ్య ఖాళీ ఎంత అన్నదీ రాయించాలి.

### డిజైన్ కాగితాల పునఃపరిశీలన

కాగితాలు పూర్తిగా ఉన్న కొత్త వంతెనకు ఇది సరిగ్గా సరిపోతుంది. 2020లో తెరిచిన కనకదుర్గ ఫ్లైఓవర్ తరానికి చెందినవి ఈ కోవలోకి వస్తాయి. ఒక స్వతంత్ర బృందం పాత లెక్కను చూడకుండా సొంతంగా మోడల్ కట్టి, చివర్లో రెండూ పోల్చాలి. పాత మోడల్ ఫైలు తీసుకుని బటన్ నొక్కిస్తే అందులోని తప్పు అలాగే మళ్లీ వస్తుంది.

దీని హద్దు కూడా బే బ్రిడ్జి కథలోనే తెలుస్తుంది. అక్కడ కొత్త తూర్పు భాగాన్ని పెద్ద పేర్లున్న భూకంప నిపుణులు ఏళ్ల తరబడి పరిశీలించారు. 2013 మార్చిలో 96 యాంకర్ రాడ్లు బిగిస్తే 32 తెగిపోయాయి. కారణం డిజైన్ లెక్కలో లేదు. జింకు పూత పూసిన అధిక బలం ఉక్కు రాడ్లు ఏళ్లపాటు నీరు నిలిచిన రంధ్రాల్లో ఉండి, హైడ్రోజన్ చేరి పెళుసెక్కాయి. తాత్కాలిక ఏర్పాటు చేశాకే ఆ ఏడాది సెప్టెంబరులో వంతెన తెరిచారు. సరుకులో, కట్టడంలో ఉన్న లోపం కాగితం మీద కనబడదు.

### పూర్తి అధ్యయనం

ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువ తప్పులు దొర్లేదీ ఇక్కడే. సాధారణంగా బడ్జెట్‌లో పెద్ద ముక్క కంప్యూటర్ మోడల్‌కి పోతుంది, బోర్‌హోల్స్‌కి (నేల పరీక్షకు తవ్వే రంధ్రాలకు) మిగిలిందే దక్కుతుంది. కృష్ణ ఇసుక మీద ఇది తలకిందుల ఖర్చు. ముందు నేల.

1964లో జపాన్‌లోని నీగాటాలో షోవా వంతెన అప్పుడే కొత్తగా కట్టింది. భూకంపానికి నది అడుగున ఉన్న వదులు ఇసుక నీళ్లలా మారింది, పైల్స్ ఒరిగాయి, అయిదు స్పాన్లు నదిలో పడ్డాయి. నీటితో నిండిన వదులు సన్న ఇసుక ఉన్న ప్రతిచోటా ఈ ప్రశ్న అడగాలి. 3, 4, 5 జోన్లలో ఐఎస్ 1893 కోరే కనీస ఎస్పీటీ (సుత్తి దెబ్బలతో నేల గట్టిదనం కొలిచే పరీక్ష) విలువలు 5 మీటర్ల లోతు లోపల 15, 10 మీటర్లు దాటాక 25. ఇవి దాటని పొర ఉంటే ద్రవీకరణ (ఇసుక ఇలా నీళ్లలా మారడం) లెక్క విడిగా వేయించాలి.

ఎస్పీటీ వినడానికి తేలికే. 63.5 కిలోల సుత్తిని 75 సెం.మీ. ఎత్తు నుంచి వదిలి, గొట్టం 45 సెం.మీ. దిగేదాకా దెబ్బలు లెక్కపెట్టాలి. మొదటి 15 సెం.మీ. దెబ్బలు వదిలేసి, తర్వాతి 30 సెం.మీ.వే ఎన్ విలువ. నది ఇసుకలో దీన్ని చెడగొట్టడం కూడా అంతే తేలిక. రంధ్రంలో నీటి మట్టం బయటి నీటి కంటే కిందికి దిగితే, అడుగున ఇసుక పొంగి లోపలికి వస్తుంది. బెయిలర్‌ను (రంధ్రంలోంచి మట్టి, నీరు తోడే గొట్టాన్ని) గబగబా పైకి లాగినా అదే జరుగుతుంది. అప్పుడు 18 రావాల్సిన చోట 7 వస్తుంది, మంచి నేలను చెడ్డదని రాస్తారు. ఉల్టా కూడా ఉంది: గులకరాయి గొట్టం మూతికి అడ్డుపడితే 50 దాటుతుంది, చెడ్డ నేల మంచిదైపోతుంది. అందుకే రంధ్రంలో బెంటొనైట్ (గోడలు కూలకుండా పోసే బంకమట్టి ద్రవం) మట్టం ఎప్పుడూ పైన ఉండాలి, ప్రతి 1.5 మీటరుకీ పరీక్ష చేయాలి, ప్రతి నమూనానూ జల్లెడ పట్టి 75 మైక్రాన్ల కంటే సన్నది ఎంత శాతమో రాయాలి. ఈ శాతం లేకుండా ద్రవీకరణ లెక్క వేశామంటే నమ్మొద్దు. పని జరుగుతుండగా తనిఖీ బృందం మనిషి ఒకరు రిగ్ (తవ్వే యంత్రం) పక్కనే ఉండాలని ఒప్పందంలో రాయండి. సాయంత్రానికి కాగితం మీద నింపేసిన బోర్‌లాగ్‌ల (రంధ్రంలో నేల పొరల రికార్డుల) సంగతి ఈ రంగంలో అందరికీ తెలిసిందే.

తర్వాత నది అడుగు. 2024 సెప్టెంబరు వరదకు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి. అంత ప్రవాహం పియర్ల చుట్టూ అడుగును కోస్తుంది, ఇసుక తవ్వకాలు దానికి తోడు. కట్టినప్పటి మట్టాన్నే మోడల్‌లో పెడితే లేని ఇసుక పైల్స్‌ను పట్టుకున్నట్టు లెక్క వస్తుంది. ఎకోసౌండర్‌తో (ధ్వనితో నీటి లోతు కొలిచే పరికరంతో) ప్రతి పియర్ దగ్గరా ఇప్పటి మట్టం తీయించాలి.

మోడల్ ఒకటి కాదు, కనీసం రెండు కావాలి. అడుగు కోసుకుపోయిన స్థితిలో పియర్ పొడుగ్గా, మెత్తగా ఊగుతుంది. బలం తగ్గుతుంది, జరుగుడు పెరుగుతుంది, సీటు వెడల్పుకి పరీక్ష ఇదే. ఇసుక నిండుగా ఉన్న స్థితిలో పియర్ పొట్టిగా, బిగువుగా ఉంటుంది. అప్పుడు బలం ఎక్కువ, పియర్ అడుగు భాగానికి పరీక్ష అది. పగుళ్లు లేని పూర్తి కాంక్రీటు గట్టిదనం పెట్టి లెక్కిస్తే జరుగుడు తక్కువ చూపిస్తుంది, సీటు చాలుతుందని తేలుతుంది. రంగుల బొమ్మలు చూసే ముందు ఈ మూడు సంఖ్యలు అడగండి: నది అడుగు మట్టం ఎంత పెట్టారు, కాంక్రీటు గట్టిదనం ఎంత తగ్గించారు, బిగుసుకున్న బేరింగ్‌ను ఎలా చూపించారు.

కాంక్రీటు విషయం తొందరగా చెప్పుకోవచ్చు. కనీసం మూడు కోర్లు (కాంక్రీటులోంచి కోసి తీసే గుండ్రని నమూనాలు) తీయాలి. సగటు, డిజైన్ బలంలో 85 శాతం, ఏ ఒక్కటీ 75 శాతం కంటే తగ్గకూడదని కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 అంటుంది. ప్రీస్ట్రెస్ (లోపల ఉక్కు కేబుళ్లు లాగి బిగించిన) గర్డర్‌లో కేబుల్ ఎక్కడుందో స్కాన్ చేయకుండా డ్రిల్ పెట్టనివ్వొద్దు. పియర్ అడుగున అడ్డ ఇనుము ఎంత దూరానికి ఒకటి ఉందో కవర్‌మీటర్ (కాంక్రీటు లోపలి ఇనుమును వెతికే పరికరం) చెబుతుంది. ఆ ఇనుము చివరి కొక్కెం 90 డిగ్రీలా, 135 డిగ్రీలా అన్నది మాత్రం చెప్పదు. పియర్ విరిగే వేళ పట్టుకునేది ఆ కొక్కెమే. ఒక మూల 30 సెం.మీ. చదరం కవర్ చెక్కి చూసి, మళ్లీ పూడ్చాలి. ఒక్క పియర్‌కి ఒక్క కిటికీ చాలు.

### కంపనాల కొలత

ఎనిమిది, పది యాక్సెలెరోమీటర్లు (కంపనాలు కొలిచే సెన్సార్లు) పెట్టి, నడిచే ట్రాఫిక్‌తోనే వంతెన సహజ పౌనఃపున్యం కొలవొచ్చు. రోడ్డు మూయాల్సిన పని లేదు. మోడల్ సరిగా ఉందా అని సరిచూడటానికి ఇది బాగా పనికొస్తుంది. కానీ ఆ చిన్న కదలికలో బేరింగుల రాపిడే వీడదు, వంతెన అసలు కంటే బిగువుగా కనబడుతుంది. పెద్ద కుదుపులో అది వేరే వంతెన. ‘కంపన పరీక్షలో పాసైంది కాబట్టి భూకంపానికి సురక్షితం’ అని ఎవరైనా రాస్తే ఆ వాక్యం కొట్టేయించండి.

శాశ్వత సెన్సార్ల విలువ వేరే చోట ఉంది: కుదుపు వచ్చిన గంటలో వంతెన తెరవాలా మూయాలా అన్న నిర్ణయానికి. దానికి ముందే హద్దు సంఖ్యలు రాసుకుని ఉండాలి, బ్యాటరీలు మార్చే మనిషి ఉండాలి. వార్షిక నిర్వహణకు డబ్బు లేకపోతే కొనకండి.

### నిపుణుల ప్యానెల్

నిర్మాణం, నేల, నది, భూకంప శాస్త్రం తెలిసిన ముగ్గురు నుంచి అయిదుగురు. ఈ పనికి చుట్టుపక్కల మనుషులు దొరుకుతారు: హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), ట్రిపుల్ ఐటీ భూకంప ఇంజనీరింగ్ కేంద్రం, వరంగల్ ఎన్‌ఐటీ, చెన్నైలో ఎస్‌ఈఆర్‌సీ (నిర్మాణ ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రం), ఐఐటీ మద్రాస్. అందరినీ ఒకే సంస్థ నుంచి తీసుకోకండి. ప్యానెల్ సొంతంగా కొలతలు తీయదు, తీసినవాళ్లను ప్రశ్నిస్తుంది. అందుకే దాన్ని చివర్లో నివేదిక మీద సంతకానికి పిలిస్తే దండగ. పని పరిధి ఖరారుకు ముందు ఒకసారి, నేల నివేదిక వచ్చాక ఒకసారి, మోడల్ అయ్యాక ఒకసారి, మరమ్మతు డిజైన్ మీద ఒకసారి కూర్చోవాలి. ఒక సభ్యుడు ఒప్పుకోకపోతే ఆ అసమ్మతి నివేదికలోనే అచ్చవ్వాలి.

## ఎవరికి ఏది

నది మీది పెద్ద పాత వంతెన, కాగితాలు సగమే ఉన్నాయి. కంటి పరిశీలన వెంటనే, దాని వెనకే పూర్తి అధ్యయనం, మొదటి రోజు నుంచి చిన్న ప్యానెల్. డబ్బు చాలకపోతే మోడల్‌ను వచ్చే ఏడాదికి వాయిదా వేయండి, బోర్‌హోల్స్‌ను కాదు. మంచి నేల నివేదిక ఉంటే మోడల్ ఎప్పుడైనా వేసుకోవచ్చు.

కొత్త హైవే వంతెన లేదా ఫ్లైఓవర్. డిజైన్ పునఃపరిశీలన, కొన్ని పియర్ల దగ్గర కోర్లు, బేరింగుల టెస్ట్ సర్టిఫికెట్లు. వంతెన నది మీద ఉంటే వరద తర్వాతి అడుగు మట్టం కూడా.

గుంటూరులో రైలు పట్టాల మీది చిన్న రోడ్డు వంతెన (ఆర్వోబీ). నల్లరేగడిలో ఇసుక ద్రవీకరణ బెంగ లేదు. కంటి పరిశీలన, సీటు కొలత, స్టాపర్లు, పునాది కదలిక గుర్తులు చూస్తే సరి. దీనికి నాన్‌లీనియర్ విశ్లేషణ (పియర్ పగిలాక ఎలా ప్రవర్తిస్తుందో చూపే లెక్క) అడగడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. కింద రైళ్లు నడుస్తాయి కాబట్టి రైల్వే అనుమతికి పట్టే కాలం మాత్రం ముందే లెక్కలో వేసుకోండి.

కాలనీ సంఘం, విలేకరి, కార్పొరేటరు. కొత్త అధ్యయనం డిమాండ్ చేసే ముందు ఉన్న కాగితాలు అడగండి. సమాచార హక్కు కింద 30 రోజుల్లో ఇవ్వాల్సినవి: నేల పరీక్ష నివేదిక బోర్‌లాగ్‌లతో సహా, సాధారణ అమరిక డ్రాయింగు, చివరి తనిఖీ నివేదిక, బేరింగులు మార్చిన తేదీలు, 2024 వరద తర్వాత తీసిన నది అడుగు కొలతలు. చివరిది లేదని రాతపూర్వకంగా జవాబొస్తే, మీ ప్రశ్న అక్కడే దొరికింది.

తనిఖీలో లోపాలు తేలితే అన్నిటికీ ఒకే ధర ఉండదు. స్టాపర్లు, గర్డర్లను పియర్‌కి కట్టే కేబుళ్లు, సీటు పొడిగింపు బ్రాకెట్లు, బేరింగు మార్పు తక్కువలో అవుతాయి, డెక్ పడిపోకుండా ఆపుతాయి. పియర్‌కి కాంక్రీటు జాకెట్ మధ్యస్థం. నదిలో అదనపు పైల్స్ అన్నిటికంటే ఖరీదు. నివేదికలో సిఫార్సులు ఈ వరసలో, పియర్ నంబర్లతో రాయమని ఒప్పందంలోనే పెట్టండి.

ఇక కాలం సంగతి. బ్యారేజీ దిగువన, వారధి దగ్గర, వేసవిలో ఇసుక మేటలు బయటపడతాయి, రిగ్‌ను నేల మీదే నిలబెట్టొచ్చు. ఎగువన, పశ్చిమ బైపాస్ వంతెన వైపు, 12 అడుగుల నిల్వ ఉంటే పంటు మీద రిగ్ పెట్టాలి, ఖర్చు వేరే. ఎటు చూసినా జనవరి నుంచి మే దాకానే పని. జూన్ దాటి వరద మొదలైతే మళ్లీ జనవరే, కాబట్టి టెండరు కాగితాలు దసరా నాటికి సిద్ధం కావాలి.